గడపకు దక్కిన గౌరవం

హైమవతి పెరట్లోని పనసచెట్టును కొట్టేయడానికి పంచాయతీ పనివాడు గౌరునాయుడు రంపం పట్టుకుని వచ్చాడు. ఊళ్లో ప్రతి చెట్టునూ ప్రతి చెక్కనూ పంచాయతీ డ్రోనే తనిఖీ చేస్తుంది. అది అన్నదే శాసనం. పనస బెరడు మీది బూడిదరంగు పెచ్చు చూసి, "తెగులు, కొట్టేయండి" అంది.

"తెగులు కాదయ్యా, లైకెన్! నాచూ బూజూ కలిసి బెరడు మీద పెరిగే పెచ్చు. బెరడు ఊడితే తప్ప ఊడిరాదు. మీద నల్లటి చుక్కలు చూడు. గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటుంది. చెట్టుకు ఏ హానీ చెయ్యదు. బీఎస్సీలో బొమ్మ వేసి మరీ చదివాను."

"నానేటి సేతునమ్మా? మిషను సెప్పేసింది."

"పోయిన వారం నా గడప గురించీ చెప్పిందిగా మీ మిషను!"

ఇరవై ఏళ్లుగా ప్రతి శుక్రవారం రాసిన పసుపు గడప మీద పొరకట్టింది. దానికి డ్రోను "అరుదైన పసుపు లైకెన్, తాకరాదు" అని చీటీ అంటించింది. అప్పటినుంచి ఆవిడ భర్త ఆఫీసుకు దొడ్డిదారినే వెళ్తున్నాడు.

"కొట్టేముందు డ్రోను ఇంకోపాలి సూడాలమ్మా. రూలు."

హైమవతికి ఒళ్లు మండిపోయింది. వంటింట్లోంచి గిన్నెడు తడిపసుపు తెచ్చి, పళ్లు కొరుకుతూ చెట్టు మొదలంతా మెత్తింది.

"ఇప్పుడు పిలువు."

డ్రోను వచ్చి చెట్టు చుట్టూ తిరిగింది. "అరుదైన పసుపు లైకెన్, తాకరాదు" అని చీటీ అంటించింది.

గౌరునాయుడు రంపం సంకలో పెట్టుకుని, "మా సింతసెట్టుక్కూడా కూసింత పసుపియ్యమ్మా" అన్నాడు.

చెట్టయితే దక్కింది. పసుపు కింద అసలు లైకెన్ కనపడకుండా పోయింది. నిజం చెబితే చెల్లలేదు, పసుపు పూస్తే చెల్లింది అనుకుని హైమవతి చేతిలోని ఖాళీ గిన్నెను గురిచూసి డ్రోను మీదికి విసిరింది.