చేతికందే తాడు

నిన్న కప్పుకి బిగించిన బోల్టులన్నీ మళ్ళీ ఊడి అరుగు మీద ఉన్నాయి. ఇంజనీరు ప్రసన్నకుమార్ వాటి పక్కనే కూలబడ్డాడు.

తుపాను పోయాక, చేపలు పట్టే పల్లెకారుల కోసం అతను గీసిన ఇల్లది. పాత చుట్టిల్లులాగే గుండ్రంగా ఉంటుంది. కప్పు తాటాకుదే, కింద మాత్రం సిమెంటు స్తంభాలు.

"ఏంటి దుర్గమ్మా, మళ్ళీ విప్పేశావా?"

"ఉప్పెనొస్తే కప్పు తేలాలండి. వెనకటి ఉప్పెనలో దానిమీదెక్కబట్టే మావోళ్ళు బతికారు. బిగించేస్తే ఇంటితోపాటే మునిగిపోద్ది," అంది ఆ ఇల్లు దక్కిన వెంకటదుర్గ.

"బిగించకపోతే గాలికి లేచిపోద్ది కదమ్మా. కప్పు పోతే గోడలూ ఆగవు."

ఇదే మాట ఎన్నాళ్ళుగానో.

చివరికి అతనే అన్నాడు. "బోల్టులొద్దులే. ఇనప చీలలు వేస్తాను. గాలికి ఊడవు. నీళ్ళొచ్చినప్పుడు లోపల్నుంచి ఒక్క తాడు లాగితే అన్నీ ఊడిపోతాయి. తాడు నీ చేతికందేలా పెడతాను."

వెంకటదుర్గ లోపలికెళ్ళి, తన నడుమంత ఎత్తులో గోడకి అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడిదాకా దింపండి."

"అంత కిందకా? ఎందుకమ్మా?"

"మొన్న నీళ్ళొచ్చినప్పుడు ఇంట్లో మా బుడ్డోడొక్కడే ఉన్నాడండి. గాలికని మా ఆయన కప్పుకేసిన కట్టు విప్పడానికి వాడికి అందలేదు."