ఏడు గేర్ల బావ

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నాకేం గొప్ప కాదిది.

బావా నేనూ ఉత్తరాలు పంచేవాళ్ళం. ఆయన సైకిలు మీద కొండ వీధులకి, నేను కాలినడకన దిగువ వీధులకి. బావ మోకాళ్ళు అరిగాయని తెలిసి, ఆగకుండా కొండెక్కి చూపిస్తేనే ఉద్యోగమన్నాడు మా పోస్టాఫీసు పెద్దసారు.

బావ సైకిలుకి ఏడు గేర్లు వేయించాడు.

"పిక్కల్లో పస ఉంటే ఒకటి చాలు బావా. లేకపోతే డెబ్బై వేసినా దండగే!"

"నోర్మూసుకుని తోడు రారా, బామ్మర్దీ."

కొండెక్కి చూపించాల్సిన రోజు ధైర్యం చెబుతూ పక్కనే నడిచాను. అన్నిటికంటే తేలిక గేరులో బావ కాళ్ళు బొంగరంలా తిరిగాయి, సైకిలు నత్తలా కదిలింది. కబుర్ల ధ్యాసలో నేనే ముందు పైకి చేరాను.

"నడిచేవాడే నయం" అంటూ, పైన నిలబడి చూస్తున్న పెద్దసారు ఆ కొండ వీధులు నాకు అప్పగించాడు.

బావ తన సంచీ నా భుజానికి తగిలించి, సైకిలు నడిపించుకుంటూ కొండ దిగిపోయాడు.