ఒంటి పెట్టె తాత

ఉదయం ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఎవరో చూడకుండానే ఆమెకు తెలిసిపోయింది.

"ఇవాళ కూడా బొప్పాయి ముక్కలు తేడాగా ఉన్నాయమ్మా. పాలకూర తల వేలాడేసింది," అన్నాడు ఒంటి పెట్టె తాత.

తాజా కూరలు, కోసిన పండ్లు ఊరంతా పంచే డిపో అది. కూలింగ్ బండ్లు ఏ దారిన వెళ్లాలో గీసిపెట్టడం ఆమె పని. పదిహేను చోట్ల ఆగే బండికి, ఆమె మ్యాపులో తాత దుకాణమే ఆఖరి స్టాపు. తీసుకునేది ఒకే ఒక్క పెట్టె. నెల రోజులుగా ఫిర్యాదు మాత్రం రోజూ ఉంటోంది.

"బయల్దేరేటప్పుడు బండిలో నాలుగు డిగ్రీలే ఉంది తాతా. నేనే చూశాను."

"బయల్దేరేటప్పుడు బాగానే ఉంటుందమ్మా. పద్నాలుగు చోట్ల తలుపు తీశాక ఏం మిగిలిందో చూడాలి. ఒకసారి మెకానిక్‌కి చూపించు."

"మిగతా వాళ్లెవరికీ లేని తేడా మీ ఒక్కరికేనా?"

"వాళ్లకి ముందే దించేస్తారు కదా."

ఆమె విసుగ్గా ఫోన్ పెట్టేసింది.

"ఏంటి, పాలకూరకి మళ్లీ జ్వరమా?" అన్నాడు స్టోర్ కీపర్. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ వారమే ఆమె కొత్త మ్యాపు గీసింది. ఒక్క పెట్టె కోసం రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు. డీజిల్ దండగ, పైగా పొగ. పదిహేనో చుక్క చెరిపేసింది. మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మర్నాడు తాత బస్సెక్కి డిపోకే వచ్చాడు.

"నా పెట్టె సంగతి వదిలెయ్యమ్మా. బండి మాత్రం మెకానిక్‌కి చూపించు."

"అలాగే తాతా," అంది తలెత్తకుండా. ఆయన బయటికి వెళ్లకముందే ఆ మాట మర్చిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఇప్పుడు ఆఖరి స్టాపు ఒక హాస్టల్. అక్కడ పండ్ల ముక్కలు తిన్న పందొమ్మిది మంది పిల్లలు ఆసుపత్రిలో చేరారు. ఒకమ్మాయి తిరిగి రాలేదు.

మెకానిక్ బండి కూలింగ్ గొట్టం విప్పాడు.

"ఎప్పటినుంచో గ్యాసు కారుతోంది మేడమ్. ఎవరూ చెప్పలేదా?"

ఆమెకు తాత గుర్తొచ్చాడు. చెప్పిన మనిషి ఒక్కడే. వినకపోయింది తనే.

ఆ సాయంత్రమే చెరిపేసిన చుక్కను వెతుక్కుంటూ వెళ్లింది. తాత కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి పది రోజులైందండి."

"మరి దుకాణం?" అంది ఆమె.

"మాకు దుకాణం ఎక్కడిదండీ?"

నిజమే. ఉన్నది ఒకటే గది. త్రాసు లేదు, గంపలు లేవు. మేకుకి డిపో పేరు కుట్టిన పాత ఖాకీ చొక్కా వేలాడుతోంది.

"నాన్న ఒకప్పుడు మీ డిపోలోనే డ్రైవరు. ఓసారి కూలింగ్ పోయిన సంగతి తెలీక, పాడైన సరుకు ఒక స్కూల్లో దించేశాడు. నలుగురు పిల్లలు పోయారు. మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు."

కూతురు చొక్కా వైపు చూసింది.

"అప్పటినుంచి రోజూ మీ బండిలో ఆఖరి పెట్టె తెప్పించుకుని, తనే తిని చూసేవాడు."