కోట గుమ్మం పైన్

"అక్క ఈ రాత్రి దాటదట. నీగాతా రైలు ఇంకో గంటలో ఉంది. ఇప్పుడు బయల్దేరితే కడసారి చూపు దక్కుతుందండీ," అంది సవానో మొగుడితో. చేతిలో సంచి సర్దుకునే వచ్చింది.

త్సునెజో కుండీ మీది నుంచి తల ఎత్తలేదు. కుండీలో మూరెడు పైన్ చెట్టు. వెనకటి దొర కోట గుమ్మంలో తన గుర్రాన్ని కట్టేసిన పైన్ ఒకటుండేది. అది నిరుడు పురుగు పట్టి ఎండిపోయింది. ఏళ్ల కిందట దాని గింజతో మొలిచి బతికింది ఇదొక్కటే. చామంతుల పండగనాడు దీన్ని కోటకి అప్పజెప్పాలి. పక్కన రాతి మీద త్సునెజో పేరు చెక్కిస్తామన్నారు.

"ఇవాళ కోటవాళ్లు నాకు విందిస్తున్నారు. నువ్వూ పోతే దీనికి నీళ్లెవరు పోస్తారే?"

"పక్కింటావిడకి చెప్తాను."

"ఆవిడకా! నీళ్లు పొయ్యడం నేర్చుకోడానికే మూడేళ్లు పడుతుంది. నీకే ఇంకా చెయ్యి కుదరలేదు."

"నాకున్నది ఒక్కతే అక్కండీ."

"చాల్లే. మనిషి పోతే మొహం చెప్తుంది. పైన్ చెప్పదు. చచ్చాక కూడా నెలా రెణ్ణెల్లు పచ్చగానే నిలబడుతుంది. మనకి తెలిసేసరికి ఎప్పుడో అయిపోయుంటుంది. అందుకే దీన్ని పరాయి చేతికివ్వను."

లోపల ఫోన్ మోగింది. సవానో వెళ్లింది. తిరిగొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పోయిందా?" అన్నాడు త్సునెజో చెప్పులేసుకుంటూ. "అయితే ఇంక తొందరేముంది? ముందు ఆ కెటిల్ దింపు. ఈలకి చెవులు చిల్లులు పడుతున్నాయి. తరవాత దీనికి నీళ్లు పొయ్యి. పైపైన కాదు, వేళ్ల దాకా దిగాలి."

రాత్రి సాకే సారా వాసనతో తిరిగొచ్చాడు. చెట్టు చూసుకున్నాడు. పచ్చగా ఉంది.

ఆ తరవాత సవానో ప్రయాణం మాట ఎత్తలేదు. చెప్పకుండానే పొద్దున్నే నీళ్లు పోసేది. ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది అనుకున్నాడు. కుండీలో మట్టి మాత్రం సాయంత్రమైనా ఆరేది కాదు. చలి మొదలైంది, చెట్టు నీళ్లు తాగడం తగ్గించి ఉంటుంది అనుకున్నాడు.

పండగ రోజు ఊరంతా కోట గుమ్మంలో చేరింది. కోట పెద్ద కురాతా కుండీ ముందు వంగి దణ్ణం పెట్టాడు.

"ఏం పచ్చదనమండీ! తల్లి పోలికే."

"దొరగారి గుర్రాన్ని పట్టుకురండి, కట్టేద్దాం," అన్నాడు త్సునెజో. అందరూ నవ్వారు. రాతి మీది గుడ్డ తీశారు. త్సునెజో తన పేరు వేలితో తడిమి చూసుకున్నాడు.

సవానో పక్కకొచ్చి నిలబడింది. ఒంటి మీద నల్ల కిమోనో.

"శుభమా అని పండగ జరుగుతుంటే చావు బట్టలేమిటే?" పళ్లు కొరికాడు.

"ఇవాళ అక్కకి నలభై తొమ్మిదో రోజండీ. ఆత్మ ఇల్లు వదిలి వెళ్లిపోయే రోజు," అంది సవానో. వంగి, పైన్ ఆకుల్ని మెల్లగా నిమిరింది.

"దీనికీ ఇవాళే. ఆ రోజు కెటిల్ దింపీ దింపగానే పోశాను. మీరు చెప్పినట్టే, వేళ్ల దాకా."