అరుగు మీద విస్తరి

ఉగాది భోజనానికి ఎనిమిదిమందిని పిలిస్తే పదముగ్గురు తేలారు. బేతంచెర్లలోని ఆ ఒంటిగది ఇంట్లో మోకాళ్లు తగిలేలా కూర్చోబెట్టినా పన్నెండు విస్తర్లే పట్టాయి.

పదమూడోవాడు పరమేష్ చేతిసంచితో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని కనుబొమ్మల మీద ఇంకా బండల పొడి ఉంది.

"ఎవరే ఆయప్ప?" లోపలి నుంచి అత్త అడిగింది.

శివలీల తడబడింది. "పక్కింట్లో బండలు పరిచే మేస్త్రీ అత్తా."

"ఏ కులమోడో ఏమో! అరుగు మీద వెయ్యి."

శివలీల బయటికొచ్చింది. "లోపల జాగా లేదప్పా. ఈడ కూచో."

పరమేష్ ఆమెను ఒకసారి చూసి, అరుగు మీద కూర్చున్నాడు. పూర్ణం పెట్టిన ఓళిగ మీద ఆమె రెండుసార్లు నెయ్యి వేసినా తలెత్తలేదు. తిన్నాక విస్తరి తనే తీశాడు. చెంబుతో నీళ్లడిగి, కూర్చున్న చోటు కడిగాడు.

"పోయొస్తానమ్మా" అని, సంచి గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

లోపల అత్త చుట్టాలతో అంటోంది. "మా కోడలికి పుట్టింట్లో ఎవరూ లేరు పాపం. ఉంటే పెళ్లయినాక తొలి పండగకు రాకుండా ఉంటారా?"

శివలీల సంచి తెరిచింది. పసుపు, కుంకుమ, డజను ఎర్రగాజులు, అన్న చేత అమ్మ పంపిన చీర. అడుగున అమ్మ చేసిన ఓళిగలు.

"యాడిదే ఆ సంచి?"

శివలీల దాన్ని మూసింది.

"మేస్త్రీ మర్చిపోయినాడత్తా. మళ్లా వస్తే ఇచ్చేస్తా."