చూసుకునే మనిషి

"మంచం మీదున్నవాళ్ళనే చూస్తానండీ. లేచి తిరిగేవాళ్ళకి నేనెందుకు?" అంది ఆయా, గుమ్మంలోనే నిలబడి.

ఆస్పత్రి మంచం మీద పెద్దాయన వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య శాలువా నిండా కప్పుకుని, బట్టలు ఒక్క చేత్తోనే మడతపెట్టి సంచిలో సర్దుతోంది. ఈపూటే డిశ్చార్జి. ఇంట్లో చూసుకునే మనిషి కుదిరితే తప్ప పంపనని డాక్టరు తెగేసి చెప్పాడు. ఇంతకుముందు వచ్చిన ఇద్దరు ఆయాలూ ఏవో వంకలు పెట్టి జారుకున్నారు.

"మంచం కిటికీ పక్కన వేయించాను. ఎత్తడం కూడా కష్టం కాదమ్మా, ఒంట్లో ఏం మిగిలిందని," అంది పెద్దావిడ.

దుప్పటి కింద పైకీ కిందికీ ఊగుతున్న బొజ్జని ఆయా చూసింది. కట్టుకున్నదాని కళ్ళకి అలాగే కనబడతాడు కాబోలు అనుకుంది.

"అలవాట్లేమిటో చెప్పండి," అంది దగ్గరికి వచ్చి.

"లేవగానే గోరువెచ్చటి నీళ్ళివ్వాలి. ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచి పిలవాలి. ఉప్పు తగ్గితే కంచం తోసేస్తారు, నువ్వు నొచ్చుకోకు. కాసేపాగి అదే పెడితే మారు మాట్లాడకుండా తినేస్తారు. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వకు. వెలిగించడమే తెలుసు, ఆర్పడం తెలీదు."

అది జబ్బు తగ్గాక సంగతి కదా అనుకుని ఆయా తలూపింది.

పెద్దాయనకి మెలకువ వచ్చింది. "ఏమే, నా కళ్ళజోడేదీ?"

"మీ నుదుటి మీదే ఉంది."

తడుముకుని కిందికి లాక్కున్నాడు. ఆయాని ఎగాదిగా చూసి భార్య వైపు తిరిగాడు. "ఇంటికెళ్ళాక వంట నువ్వే చేస్తావుగా?"

"చేస్తాను. పడుకోండి," అంది ఆవిడ. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "వారం నుంచి సరైన నిద్ర లేదు పాపం."

"ఎన్నాళ్ళుండాలి నేను?"

"డాక్టరు మూడు నెలలన్నారు."

"అయితే మూడు నెలలు చూసి మానేస్తాను."

మడతపెడుతున్న చెయ్యి ఆగిపోయింది. "అప్పుడు మానకమ్మా. అసలు పని అప్పుడే మొదలయ్యేది."

"అప్పటికి జబ్బు తగ్గదా?"

"అప్పటికి ఏ జబ్బూ ఉండదు. అయినా ఉండు. మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో కూడా తెలియని మనిషి." పెద్దావిడ ఆయా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈ ఒక్కటీ కాదనకు. వదిలేసి ఎలా వెళ్ళను?"

ఎక్కడికని ఆయా అడగలేదు. ఇంత దిగులు చూశాక వంక పెట్టడానికి ఆమెకి నోరు రాలేదు.

"ఉంటాన్లెండి. తిరిగేవాళ్ళైనా సరే."

పెద్దావిడ హమ్మయ్య అన్నట్టు గోడకి చేరబడింది.

నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. "చూసుకునే మనిషి దొరికిందా? అయితే పేషెంటు చేతికున్న సూది తీసేస్తాను, బయల్దేరచ్చు."

ఆయా కుడివైపుకి వెళ్ళి పెద్దాయన్ని లేపబోయింది.

పెద్దావిడ శాలువాలోంచి రెండో చెయ్యి చాపింది.