శేషం ఒకటి

"బావా, కళ్లు మూయకు. ఇది ఏడుతో పోతాదా, సూడు."

చార్లెస్ బొగ్గుముక్కతో నేల మీద రాశాడు: 2147483647.

చాప మీద పడుకున్న హెన్రీ మాస్టారు తల తిప్పి చూశాడు. పొద్దున్న భావనపాడు దారిలో, మొగలిడొంక పక్కన ఆయన్ని తాచు కాటేసింది. కాలు మోకాలి దాకా వాచింది. కదిలిస్తే విషం పైకెక్కుతుందని ఇంట్లోనే ఉంచారు. డాక్టర్ని తేవడానికి పక్కింటి గోవిందు టెక్కలికి ఎద్దుబండి కట్టాడు. అంతా ఇసుక దారి. పొద్దుగూకేలోగా వస్తే అదృష్టం. అప్పటిదాకా ఆయన్ని నిద్రపోనివ్వకూడదు. కాటు తిన్నవాడు నిద్రపోతే ఇక లేవడని ఊళ్లో అందరికీ తెలుసు.

"దీన్ని భాగించే అంకె ఒకటుంది బావా. నువ్వు కనుక్కోలేవు."

"నానా? లెక్కల పరీచ్చ రెండుసార్లు తప్పినోడివి, నువ్వేట్రా నాకు సెప్పేది?" హెన్రీ నాలుక మందంగా తిరుగుతోంది. "ఏడుతో... శేషం ఒకటి. పదకొండుతోనూ ఒకటే. రాయి."

చార్లెస్ రాశాడు.

ఆ సంఖ్యను భాగించేది ఏదీ లేదు, ఒకటీ, అదీ తప్ప. చార్లెస్ ఎప్పుడో విన్నాడు. లెక్కల్లో అతనికి గుర్తున్నది అదొక్కటే. ఎంత వెతికినా దొరకదు కాబట్టే దాన్ని ఇచ్చాడు.

పదమూడుతో పోలేదు. పదిహేడుతో పోలేదు. హెన్రీ రెప్పలు వాలుతున్నాయి.

"నిజంగా ఉంటాదేట్రా?"

"ఉంటాది."

"ప్రభువు మీద ఒట్టా?"

భర్త మొహం తడిగుడ్డతో తుడుస్తున్న సలోమి తమ్ముడి వైపు చూసింది. వాళ్ల చర్చిలో ఒట్టు పెట్టుకోవడమే పాపం. అబద్ధపు ఒట్టు సంగతి చెప్పనక్కర్లేదు.

"ఒట్టు" అన్నాడు చార్లెస్.

పంతొమ్మిది దగ్గర హెన్రీ కళ్లు మూతపడ్డాయి. చార్లెస్ చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చేతిలోంచి బొగ్గు జారిపోయింది.

"అక్కా, ఇక నా వల్ల కాదే." గోడకు జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

సలోమి గుడ్డ వదిలేసి భర్త రెండు భుజాలూ పట్టుకుంది.

"ఏడుపు ఆపి బొగ్గు తియ్యరా." మాట చాప మీంచి వచ్చింది. కళ్లు ఇంకా తెరవలేదు. "ఇరవై మూడు. శేషం అయిదు."

చార్లెస్ బొగ్గు తీశాడు.

సాయంత్రానికి నేల నిండింది. గోడ మీద రాస్తూండగా వీధిలో ఎద్దుల మువ్వలు వినిపించాయి. డాక్టరు సూది వేశాడు.

మర్నాడు హెన్రీ లేచి కూర్చుని గంజి తాగాడు. చార్లెస్ వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"బావా, పాపం సేసినాను. అది దేంతోనూ పోదు. నిన్ను మేలుకొనుంచడానికే ఆ మాటాడినాను."

హెన్రీ గంజి గిన్నె కింద పెట్టాడు.

"ఆ సంగతి నీకు సెప్పింది నానే కదరా."